కాంటా చీటీలు, మూడు ఎల్‌వోఆర్‌లు: రెండుసార్లు దరఖాస్తు చేసిన ఒక అమ్మాయి కేసు

నల్గొండ దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతాను. క్లాసులు అయిపోయాక నా టేబుల్ దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది అడిగేది ఒకటే, అమెరికాలో పీజీ గురించి: "మేడం, ఎంఎస్‌కి అప్లై చేయాలి, నా ప్రొఫైల్‌కి వస్తుందా?" ప్రొఫైల్ అంటే వాళ్ల లెక్కలో సీజీపీఏ, పీజీ అడ్మిషన్లకు రాసే జీఆర్ఈ పరీక్ష స్కోరు, బ్యాక్‌లాగ్‌ల సంఖ్య. ఈ మూడు అంకెలు చెప్పి, జ్యోతిష్యుడి ముందు కూర్చున్నట్టు నా ముఖం వైపు చూస్తారు. ఇన్నేళ్లలో నాకు అర్థమైంది వేరు. మన జిల్లా కాలేజీల పిల్లల ఫైల్ ఏ మలుపు తిరుగుతుందో ఎక్కువసార్లు తేల్చేది ఎల్‌వోఆర్, అంటే విద్యార్థి గురించి టీచరో, పనిచేసిన చోట పైవాళ్లో యూనివర్సిటీకి పంపే సిఫార్సు ఉత్తరం. మన దగ్గర అందరికన్నా చివర, అందరికన్నా తేలిగ్గా చూసే కాగితం అదే. ఈ కేసు రాయడం అందుకే.

పేరు, ఊరు చెప్పను. రాయడానికి తను ఒప్పుకుంది. దేవరకొండ వైపు పల్లె, మూడున్నర ఎకరాల బత్తాయి తోట. తండ్రి పదో తరగతి దాకా చదివాడు. ఇంటర్ నల్గొండలో, బీటెక్ మా కాలేజీలోనే ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చేసి 2023లో బయటికి వచ్చింది. సీజీపీఏ 7.9. రెండో ఏడాదిలో స్టాటిస్టిక్స్ పేపర్ ఒకసారి తప్పి సప్లీలో గట్టెక్కింది. ఇలాంటి మార్కుల మెమోలు మా దగ్గర సెక్షన్‌కి ఇరవై దొరుకుతాయి.

మొదటిసారి

2023 వర్షాకాలంలో హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీలో చేరి, దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్ తీసుకుంది. ఆ సెప్టెంబర్‌లోనే జీఆర్ఈని కుదించారు. 3 గంటల 45 నిమిషాల పరీక్ష 1 గంట 58 నిమిషాలైంది. అక్టోబర్‌లో రాస్తే 309 వచ్చింది. ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్‌లో 96. కన్సల్టెన్సీ వాళ్లు ఇచ్చిన లిస్టులో ఎనిమిది యూనివర్సిటీలు. అప్లికేషన్ ఫీజులు, స్కోర్లు పంపే ఖర్చు, వాళ్ల ప్యాకేజీ కలిపి లక్షన్నర దాటింది. ఫలితం: ఏడు రిజెక్ట్‌లు, ఒక అడ్మిట్.

2024 మార్చిలో ఆ ఫైల్ పట్టుకుని వచ్చింది. ముందుగా ఎస్‌వోపీ తీశాను, ఈ చదువు ఎందుకు చదవాలనుకుంటున్నారో విద్యార్థి తన గురించి రాసుకునే వ్యాసం అది. "చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే నాకు అమితమైన ఆసక్తి" అని మొదలైంది. ఈ అమ్మాయి కంప్యూటర్ ముందు మొదటిసారి కూర్చున్నది ఇంటర్‌లో. రెండో పేరాలో మేజర్ ప్రాజెక్టు గురించి ఉంది: ఆకుల ఫొటోలు చూసి తెగులు గుర్తుపట్టే ప్రాజెక్టు. అది నలుగురు కలిసి ప్రాజెక్ట్ సెంటర్‌లో కొన్నదని నాకు తెలుసు. ఆ ఏడాది మా కాలేజీలోనే అదే ప్రాజెక్టు ఇంకో రెండు బ్యాచ్‌లు సబ్మిట్ చేశాయి. అడ్మిషన్ కమిటీలో కూర్చున్న ప్రొఫెసర్ అలాంటివి ఒక్క సీజన్‌లో ఎన్ని చూసి ఉంటాడో!

తర్వాత ఎల్‌వోఆర్‌లు. మూడింటిలో ఒకటి నా పేరు మీద ఉంది. నేను రాయలేదు.

నా పేరుతో ఒక జీమెయిల్ అకౌంట్ తెరిచి, దాని నుంచి ఎనిమిది యూనివర్సిటీలకు అప్‌లోడ్ చేశారు. ఆ ఉత్తరంలో ఈ అమ్మాయి నా క్లాసులో "అసాధారణ మేధస్సు" చూపించింది. మిగతా రెండు ఉత్తరాల్లోనూ అదే అసాధారణ మేధస్సు, అవే కామాలు, చివర అదే వాక్యం. అడిగితే బిత్తరపోయింది. "మేడం, మిమ్మల్ని అడిగే పంపామని చెప్పారు" అంది. అబద్ధం చెబుతున్నట్టు నాకు అనిపించలేదు. తన పేరు మీద వెళ్లిన ఉత్తరాలు తను ఒక్కసారి కూడా చదవలేదు. చదవకూడదన్నది సరైన రూలే. విద్యార్థి ఉత్తరం చూసే హక్కు వదులుకుంటున్నట్టు ఆన్‌లైన్ ఫారంలో టిక్ పెడతారు, అలా పెడితేనే ఉత్తరానికి విలువ. ఆ రూల్‌నే అడ్డం పెట్టుకుని ఎవరో పని కానిచ్చేశారు.

ఇది మన దగ్గర ఎంత మామూలైందంటే, చాలామంది తల్లిదండ్రులకు ఇందులో తప్పుందని కూడా తెలియదు. కొన్ని కన్సల్టెన్సీలకు చేరిన ప్రతి విద్యార్థి మీదా యూనివర్సిటీ నుంచి కమీషన్ వస్తుంది. అలాంటప్పుడు వాళ్ల లిస్టులో ఏ పేర్లు ఉంటాయో, ఏ పేర్లు ఉండవో పిల్లలే ఆలోచించుకోవాలి.

అడ్మిట్ ఇచ్చిన యూనివర్సిటీకి ఉన్నదున్నట్టు మెయిల్ రాయమన్నాను. "రాస్తే సీటు పోతుంది కదా మేడం" అంది. పోతుందన్నాను. ఆ ఉత్తరం మీద చేరితే చదివినంత కాలం ఆ భయం వెంట ఉంటుందని కూడా చెప్పాను. నాలుగు రోజులు పట్టింది తనకి. ఐదో రోజు పొద్దున మూడు వాక్యాల మెయిల్ చూపించింది: ఉత్తరాలు ఆ టీచర్లు పంపినవి కావని నాకిప్పుడే తెలిసింది, దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించండి. నిజం చెప్పాలంటే, ఆమెకు ఉత్తరం రాయాలని నాకు మొదట అనిపించింది ఆ పొద్దున్నే.

శనివారాలు

నాదొక పద్ధతి ఉంది. ఆరు నెలలు పని చూడకుండా ఎవరికీ ఎల్‌వోఆర్ రాయను. క్లాసులో మూడో బెంచీలో కూర్చునేది, ఇంటర్నల్స్‌లో 21 వచ్చాయి అని రాస్తే ఆ ఉత్తరం ఎందుకూ కొరగాదు. అందుకని నల్గొండ ఐటీ టవర్‌లో ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ పనికి చేరి, శనివారాలు మా ల్యాబ్‌కి రమ్మన్నాను. ఏం చేస్తావని అడిగితే చాట్‌బాట్ అంది. మీ ఇంట్లో ఎవరికైనా రోజూ చిరాకు పెట్టే కాగితం ఏదైనా ఉందా అని అడిగాను.

తర్వాతి శనివారం ఒక పాత బిస్కెట్ డబ్బా తెచ్చింది. నిండా కాంటా చీటీలు, పంట తూకం వేసినప్పుడు గుమాస్తా రైతుకి రాసిచ్చేవి.

చూడనివాళ్ల కోసం చెబుతాను. అరచేయంత పల్చటి గులాబీ కాగితం, కార్బన్ కింద పెట్టి రాసింది. పైన తేదీ, రైతు పేరు. కింద బస్తాలు, క్వింటాళ్లు, కిలోలు, తరుగు, హమాలీ, చివర గీత కొట్టి నికరం. తెలుగు, ఇంగ్లిష్ అంకెలు కలిసిపోయి ఉంటాయి. తరుగు అన్న మాట మొత్తం ఎవరూ రాయరు, ఒక్క "త" రాసి పక్కన అంకె వేస్తారు. ఒక గుమాస్తా ఒకటికి పైన చిన్న కొక్కెం తగిలిస్తాడు. ఇంకో గుమాస్తా ఏడుకి ఆ కొక్కెమే వేస్తాడు. కార్బన్ మసకేస్తే 71 కిలోలా, 11 కిలోలా అని తండ్రీ కూతుళ్లు లైటు కింద పెట్టి చూసేవాళ్లట. టన్నుకి ఎంత తరుగు కోశారో సీజన్ అయ్యాక కూడితే తప్ప తెలియదు, కూడడానికి చీటీ చదవడం రావాలి.

చుట్టుపక్కల తోటల వాళ్ల దగ్గర కూడా తిరిగి నాలుగు నెలల్లో దాదాపు 1,100 చీటీలు పోగుచేసింది. ఫోన్‌తో ఫొటోలు తీసి, ఒక్కో గడిలో ఏ అంకె ఉందో చేత్తో లేబుల్ చేసింది. ఈ పనికే రెండు నెలలు. ఆ ఫొటోలు చూసి అంకెలు చదవడం నేర్చుకునే ప్రోగ్రాం, అంటే మోడల్, పెద్దదేమీ కాదు, ఎవరైనా ల్యాప్‌టాప్ మీద నడిపేదే. ఆగస్టులో వచ్చి అక్యురసీ 95 శాతం అంది. ముఖం వెలిగిపోతోంది.

నేను ఒక్క ప్రశ్నే అడిగాను: "టెస్ట్‌కి పెట్టిన చీటీలు ఎవరు రాసినవమ్మా?"

అప్పుడు జవాబు చెప్పలేదు. రెండు శనివారాలు రాలేదు. మూడో శనివారం వాన, కరెంటు లేదు. ల్యాబ్ వరండాలో నిలబడి, బ్యాగ్ కూడా దించకుండా చెప్పింది: "మేడం, నా లెక్క తప్పు. చీటీలన్నీ కలిపేసి, ట్రైనింగ్‌కి కొన్ని, టెస్ట్‌కి కొన్ని అని చీల్చాను. ట్రైనింగ్‌లో ఉన్న గుమాస్తాల చేతిరాతే టెస్ట్‌లోనూ ఉంది. మోడల్ అంకెలు నేర్చుకోలేదు, ఆ తొమ్మిది మంది చేతిరాత నేర్చుకుంది." తొమ్మిది మందిలో ఒకరి చీటీలు పూర్తిగా పక్కన పెట్టి, మిగతా వాటి మీద నేర్పి, పక్కన పెట్టినవాటి మీద పరీక్షించింది. ఒక్కొక్కరిని అలా తొమ్మిదిసార్లు. సగటు 95 నుంచి 71కి పడిపోయింది. కొక్కెం గుమాస్తా వంతు వచ్చినప్పుడు ఇంకా ఘోరం.

ఈ పొరపాటుకి మన సబ్జెక్టులో పేరుంది, డేటా లీకేజ్ అంటారు. పుస్తకంలో అర పేజీ ఉంటుంది. నేను క్లాసులో చెప్పే ఉంటాను, పరీక్షలో రెండు మార్కులకి రాసే ఉంటుంది. కానీ 95 అన్న అంకె చేతిలో ఉండగా, ఎవరూ బలవంతం చేయకుండా దాన్ని తానే 71కి దించుకుని వచ్చిన విద్యార్థులు నాకు ఈ ఉద్యోగంలో ఎక్కువమంది తగల్లేదు.

ఉత్తరం

నవంబర్‌లో ఎల్‌వోఆర్ రాయడానికి కూర్చున్నాను. మొదటి అడ్డంకి మెయిల్ అడ్రస్. యూనివర్సిటీలు ఆఫీసు మెయిల్ అడుగుతాయి. మా కాలేజీ డొమైన్ మీద నాకు అకౌంట్ ఉంది కానీ ఎప్పుడూ వాడలేదు. పాస్‌వర్డ్ మార్పించుకోవడానికి వారం పట్టింది. డెడ్‌లైన్ డిసెంబర్ 15. ఇది చదువుతున్న లెక్చరర్లు ఎవరైనా ఉంటే, ఈ ఒక్క పని ఇవాళే చేసి పెట్టుకోండి. పిల్లల తప్పు లేకుండా ఉత్తరం బరువు తగ్గేది ఇక్కడే.

తర్వాత రేటింగ్ గడులు: ఈ విద్యార్థి మీరు చూసినవాళ్లలో పై 1 శాతమా, 5 శాతమా, 10 శాతమా? మన వాళ్లు కళ్లు మూసుకుని అన్నింటికీ ఒకటి శాతం కొడతారు. నేను ఆలోచనకి, నిజాయితీకి పై 5 శాతం, ప్రోగ్రామింగ్‌కి పై 10 శాతం, ఇంగ్లిష్ రాతకి పై 25 శాతం పెట్టాను. మా హెచ్‌ఓడీ చూసి "పిల్ల నోట్లో మట్టి కొడుతున్నారా మేడం" అన్నారు. అన్ని గడుల్లో ఒకటే టిక్ ఉన్న ఫారం ఎవరూ నమ్మరని నా అభిప్రాయం. మా కాలేజీ పేరు వినని మనిషి చదివేటప్పుడు ఇంకా నమ్మడు.

ఉత్తరంలో పొగడ్త పెట్టలేదు. డబ్బా, చీటీలు, 95, నేను అడిగిన ప్రశ్న, రెండు శనివారాల గైర్హాజరు, వరండా, 71. ప్రశ్న నాదనీ, తొమ్మిదిసార్లు విడదీసి పరీక్షించే పద్ధతి తనే వెతుక్కుందనీ విడివిడిగా రాశాను. ఎవరిది ఎంతో చెప్పకపోతే చదివేవాళ్లు మొత్తం గురువు ఖాతాలో వేస్తారు. స్టాటిస్టిక్స్ పేపర్ తప్పిన సంగతి కూడా నేనే ప్రస్తావించి, ఆ సబ్జెక్టు ఇప్పుడు తన చేతుల్లో ఎలా ఉందో ఈ పనే చెబుతుందన్నాను.

రెండో ఉత్తరం ఐటీ టవర్ కంపెనీ టీమ్ లీడ్ రాశాడు. ఆమె పట్టుకున్న ఒక బగ్ గురించి ముప్పావు పేజీ, బాగా రాశాడు. మూడోది నేను సరిచేయించలేకపోయాను. ఇంకో లెక్చరర్ "నువ్వే రాసుకుని రామ్మా, సంతకం పెడతా" అన్నారు. తను రాసుకోనంది. చివరికి ఆయన క్లాసులో మార్కుల గురించి అర పేజీ రాసిచ్చారు. బలహీనమైన ఉత్తరమే, కానీ అసలైనది.

ఎస్‌వోపీ ఈసారి పదకొండు డ్రాఫ్టులైంది. మొదటి వాక్యంలో గులాబీ చీటీ మీద ఏడుకి ఉన్న కొక్కెం వచ్చింది. 71 శాతం సంగతి రాయనా వద్దా అని చాలా టెన్షన్ పడింది. స్నేహితులు దాచమన్నారు. నేను దాన్నే రెండో పేరా మధ్యలో పెట్టించి, ఆ తర్వాత ఏం తెలుసుకోవాలనుకుంటున్నావో రాయమన్నాను: కొత్త చేతిరాత వచ్చినప్పుడు, ఐదారు చీటీలు చూసి మోడల్ తనను తాను సర్దుకోగలదా? ఎస్‌వోపీకి కావలసింది అంతే. చేసిన ఒక పని, అందులో తేలని ఒక ప్రశ్న, ఆ ప్రశ్న మీద ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరు పనిచేస్తున్నారు.

చిన్న సంగతులు కొన్ని. మొదటిసారి కన్సల్టెన్సీ వాళ్లు 7.9ని నాలుగు స్కేల్‌కి సొంతంగా మార్చి 3.16 అని నింపారు. చాలా యూనివర్సిటీలు మార్చొద్దనే చెబుతాయి, ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఉన్నది ఉన్నట్టు పదికి 7.9 అని రాయాలి. శాతం అడిగితే జేఎన్‌టీయూ ఫార్ములా ఉంది: సీజీపీఏలోంచి 0.5 తీసి పదితో గుణించాలి, ఈమెకు 74 వస్తుంది. జీఆర్ఈ మళ్లీ రాయించలేదు. అది అడగని డిపార్ట్‌మెంట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి, వాటినే ఎంచుకున్నాం. మొదటిసారి పెట్టిన ఎనిమిదింటిలో ఒక్కదానికీ మళ్లీ పెట్టలేదు.

అమెరికాకి ఐదు దరఖాస్తులు: మూడు థీసిస్ ఎంఎస్‌లు, రెండు పీహెచ్‌డీలు. దాంతోపాటు ఇక్కడి ఎంటెక్ కోసం గేట్ పరీక్ష. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి ఎలాగూ రాయమన్నాను. ఉద్యోగం చేస్తూ రాసింది, స్కోరు మామూలుగా వచ్చింది. పేరున్న చోట రెండేళ్ల ఎంటెక్‌కి చాలదు. కానీ కొన్ని ఐఐటీల్లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా ప్రాజెక్టులో పనిచేస్తూ మూడేళ్లలో చేసే ఎంటెక్ ఉంటుంది. దానికి గేట్ స్కోరు పిలుపు వరకే, తర్వాత రాతపరీక్ష, ఇంటర్వ్యూ తేలుస్తాయి. ఈ దారి మన జిల్లా పిల్లల్లో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు మూడేళ్లా అని వెనక్కి తగ్గుతారు.

ఇంట్లో లెక్క

రెండు పీహెచ్‌డీలూ పోయాయి. ఒకచోట వీడియో ఇంటర్వ్యూ దాకా వెళ్లింది, పేపర్లు చదివిన అనుభవం చాలలేదు. ఆ రెండూ పెట్టించింది నేనే, తను ఇంకా దానికి సిద్ధంగా లేదు. మూడు ఎంఎస్‌లలో ఒకటి వచ్చింది, మంచి స్టేట్ యూనివర్సిటీ. ఫండింగ్ లేదు. మొదటి ఏడాదికే 38 వేల డాలర్లు చూపించాలి.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం తండ్రి మా ఇంటికి వచ్చాడు. సంచిలో బత్తాయిలు. మంచినీళ్లు తాగి, సంచి పక్కనే కూర్చుని సూటిగా అడిగాడు: "మేడం, బిడ్డ కష్టపడ్డది. తోట కుదువ పెడితే అయితదా?"

కాదని చెప్పాల్సి వచ్చింది. ప్రభుత్వ బ్యాంకుల్లో 7.5 లక్షలు దాటిన విద్యా రుణానికి సాధారణంగా తాకట్టు అడుగుతారు. అప్పు తీరకపోతే సర్ఫేసీ చట్టం కింద ఆస్తిని స్వాధీనం చేసుకునే వీలు వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకే బ్యాంకులు దాన్ని తాకట్టుగా తీసుకోవడానికి ముందుకు రావు. ఇక మిగిలేవి రెండు: తోట అమ్మడం, లేదా తాకట్టు అడగని ప్రైవేటు సంస్థల దగ్గర ఎక్కువ వడ్డీకి తేవడం. బీసీ పిల్లలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే మహాత్మా జ్యోతిబా ఫూలే విదేశీ విద్యానిధి కింద 20 లక్షలు వస్తాయి, కుటుంబ ఆదాయం 5 లక్షల లోపు ఉండాలి. దానికీ పెట్టమన్నాను, కానీ వస్తుందన్న ధీమాతో విమానం టికెట్ కొనొద్దన్నాను. చదువయ్యాక మూడేళ్లు ఓపీటీ అనే అనుమతి మీద అక్కడే పనిచేయొచ్చన్న లెక్క ఉంది. అది ఉద్యోగం దొరికితేనే కదా.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "తోట అమ్మితే మల్ల కొనుడు మా తరంల కాదు" అన్నాడు. కూతురు పక్కనే ఉంది. నేను ఏ వైపూ మొగ్గలేదు. మొగ్గే హక్కు నాకు లేదు.

మే నెలలో ఐఐటీ పిలుపు వచ్చింది. అదే నెల చివర అమెరికా విద్యార్థి వీసాల కొత్త ఇంటర్వ్యూ స్లాట్లు ఆపేశారు. జూన్‌లో మళ్లీ తెరిచారు కానీ ఆ మధ్యలో ఇంట్లో వాళ్లు టీవీ చూసి నలిగిపోయారు. ఐఐటీ ఇంటర్వ్యూ ఇరవై ఐదు నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు డేటా స్ట్రక్చర్స్, అందులో ఒకటి తప్పు చెప్పింది. తర్వాత ప్యానెల్‌లో ఒకరు "మీరు అక్యురసీ తగ్గిందని రాశారు, ఎందుకు రాశారు?" అని అడిగారట. మిగతా టైమంతా చీటీల గురించే. బోర్డు మీద తొమ్మిది గడులు గీసి ఏ గుమాస్తాని ఎప్పుడు పక్కన పెట్టిందో చూపించింది. సీటు వచ్చింది, నెలనెలా స్టైపెండ్‌తో. అమెరికా అడ్మిట్ వదులుకుంది. ఆ రాత్రి ఫోన్‌లో ఏడ్చింది, సంతోషమా బాధా అని నేను అడగలేదు.

2025 జులైలో చేరింది. గైడ్ చేతిరాతల సమస్యనే తీసుకోమన్నారు, అయితే తొమ్మిది మంది గుమాస్తాలు చాలరని, కనీసం ముప్పై చేతిరాతలు కావాలని చెప్పారు. మొన్న వాళ్ల నాన్న నల్గొండ మార్కెట్‌కి లోడు తెచ్చినప్పుడు కాలేజీకి వచ్చాడు. కొత్తగా చేరిన ముగ్గురు గుమాస్తాలు రాసిన చీటీలు, ఒక్కొక్కరివి విడివిడిగా దారంతో కట్టి, పైన పేరు రాసిన చిన్న కాగితం గుచ్చి నా టేబుల్ మీద పెట్టి వెళ్లాడు. ఈ శనివారం స్కాన్ చేసి పంపాలి.